సందు మొగలో మందు పిప్పి

కషాయం కాచిన పిప్పిని ఇంట్లో ఉంచుకోకూడదు, చెత్తబుట్టలోనూ వేయకూడదు. నలుగురూ నడిచే దారిలో పోయాలి. నడిచేవాళ్ల కాళ్లకు అంటుకుని రోగం దాని దారిన అది పోతుంది. గెంగ్ బావొతియెన్‌కు వాళ్లమ్మ చెప్పిన మాట ఇది. వాళ్లమ్మ చెప్పినవాటిలో చాలా మాటలు ఆయన ఎప్పుడో వదిలేశాడు. ఇదొక్కటి వదల్లేదు. రోజూ పొద్దున్నే, వీధి ఊడ్చే మనిషి వెళ్లిపోయాక, మట్టికుండ పట్టుకుని సందు మొగలోకి వెళ్లేవాడు. అటూ ఇటూ చూసేవాడు. కుండ బోర్లించి, ఏమీ ఎరగనివాడిలా ఇంటికి వచ్చేసేవాడు.

ఇంకో ఊళ్లో అయితే ఇలా సాగిపోయేదే. బోజౌలో సాగదు. చైనాలో ఎక్కడెక్కడి మూలికలూ వచ్చి పడే బజారున్న ఊరు అది. అక్కడి పిల్లలు అక్షరాలకంటే ముందు వేళ్లూ బెరళ్లూ గుర్తుపడతారు. ఇక అదే సందులో ఉండే పాంగ్ సంగతి చెప్పాలా! బస్తాలో చెయ్యి పెట్టి, వాసన చూసి, సరుకు ఏ కొండదో చెప్పి బతికిన దళారి ఆయన. పని మానేశాక ఆ ముక్కుకు పని లేకుండా పోయింది. ఒకరోజు పొద్దున కూరలకు బయల్దేరినవాడు పిప్పి దగ్గర ఆగాడు. సంచీ పక్కన పెట్టి గొంతుకూర్చున్నాడు. పుల్ల తీసుకుని కెలకడం మొదలుపెట్టాడు.

గెంగ్ కిటికీ వెనక నిలబడి చూస్తున్నాడు. ఆ పిప్పి తనదని ఎవరికీ తెలియకూడదు.

దానికి కారణం ఉంది. గెంగ్ భార్య పోయి చాలా ఏళ్లయింది. సందు చివర నువ్వుల రొట్టెలు కాల్చి అమ్మే యాన్ సుచిన్ మొగుడూ పోయాడు. రొట్టెలు కొనే నెపంతో మొదలైన మాటలు పెళ్లిదాకా వచ్చాయి. శరత్కాలంలో పున్నమి పండగ కాగానే రిజిస్టర్ ఆఫీసుకు వెళ్దామనుకున్నారు. సుచిన్ ఒకే ఒక్క షరతు పెట్టింది.

"మా ఆయన మంచాన పడి అట్లాగే పోయాడు. అన్నేళ్లూ నేనే ఎత్తాను, నేనే కడిగాను. మళ్లీ ఆ చాకిరీ నావల్ల కాదయ్యా. నీకేమన్నా రోగముంటే ఇప్పుడే చెప్పు, రొట్టె తినేసి నీ దారిన నువ్వు పో."

"నేనా? ఇనుపముక్కని," అన్నాడు గెంగ్. అప్పటికి అది నిజమే అనుకున్నాడు.

ఆ తరవాత కొన్నాళ్లకు, వసంతంలో, ఊరగాయ జాడీ జరపబోతే నడుములో ఏదో కలుక్కుమంది. ఆసుపత్రిలో ఫోటో తీశారు. వెన్నుపూస ఒకటి నొక్కుకుపోయిందన్నారు. ఎముకలన్నీ గుల్లబారాయన్నారు. మాత్రలిచ్చారు. అక్కణ్ణుంచి ఆయన నాటువైద్యం చేసే షెన్ డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాడు. ఆవిడ మణికట్టు మీద వేళ్లుంచి చాలాసేపు కళ్లు మూసుకుంది. నాలుక చూపించమంది.

"చెట్టుకు వేరెట్లాగో ఎముకలకు మూత్రపిండాలట్లాగ. వేరుకు బలం చేరితే కొమ్మ నిలబడుతుంది. ఆసుపత్రి మాత్రలు మానొద్దు. ఎండలో నడువు. బరువులెత్తావంటే మాత్రం నా గుమ్మం తొక్కకు," అని మూలికల పొట్లాలు కట్టించి ఇచ్చింది.

గెంగ్ తలూపాడు. సుచిన్‌కు మాత్రం చెప్పలేదు. పండగలోపు ఎముకలు గట్టిపడిపోతాయి, అప్పుడు చెప్పడానికి ఏమీ మిగలదు అనుకున్నాడు. ఎముకలకు ఆ తొందర లేదు.

ఇప్పుడు పాంగ్ ఆ పొట్లాల గుట్టు విప్పుతున్నాడు. చదరంగం ఆడే ముసలాళ్లు బల్ల వదిలేసి చుట్టూ చేరారు.

"ఇదిగో, ఈ బెరడు చూశారా? విరిస్తే వెండి దారాలు సాగుతాయి. నడుముకు," అన్నాడు పాంగ్. "ఈ వేరు చూశారా, పేగులాగా ముడతలు ముడతలుగా? మూత్రపిండాలకు. ఇక ఈ ఆకు..." వాసన చూశాడు. మొహం విప్పారింది. "ఓరి వీడి దుంపతెగ! మేకాకు!"

ముసలాళ్లు గొల్లుమన్నారు. ఆ ఆకు మేసిన పోతుమేకలు మందను నిద్రపోనివ్వవని ఆ ఊళ్లో అందరికీ తెలుసు. మూత్రపిండాల మందు అంటే ఆ ఊరి మగవాళ్లకు ఒకటే అర్థం, పడకటింటి బలం. దాని గురించి ఇంట్లో మాట్లాడరు, చదరంగం బల్ల దగ్గర తప్ప ఇంకెక్కడా మాట్లాడరు.

"ఎవడ్రా ఆ మొనగాడు?"

"పండగ కాగానే పెళ్లి ఎవడికిరా?" అన్నాడు పాంగ్.

అందరూ ఒక్కసారిగా గెంగ్ కిటికీ వైపు తిరిగారు. గెంగ్ చటుక్కున వంగబోయాడు. నడుము వంగలేదు. నిలబడిపోయాడు.

ఆ రోజునుంచి ఆయనకు సందులో నడక కష్టమైంది. చదరంగం దగ్గరికి వెళ్తే కుర్చీలో దిండు వేసి, "కూర్చోవయ్యా పెళ్లికొడకా, బలం దాచుకో," అనేవారు. పాంగ్ అయితే పచ్చటి ఉల్లాకు కట్ట తెచ్చి గుమ్మానికి వేలాడదీసి పోయాడు. అదీ అందుకే తింటారు. మాంసం కాల్చి అమ్మేవాడు అడక్కుండానే గొర్రె మూత్రపిండాలు రెండు పుల్లలు ఎక్కువ పెట్టి కన్ను కొట్టాడు.

"అది కాదురా, నాకు..." అని మొదలుపెట్టేవాడు గెంగ్. ఆ తరవాతి మాట నోరు దాటేది కాదు. అది కాదంటే మరేది అని అడుగుతారు. ఎముకలని చెప్తే మధ్యాహ్నానికి రొట్టెల కొట్టుకు చేరుతుంది. మొనగాడని నవ్వితే నవ్వనీ, నవ్వులకు ఎముకలు విరగవు అనుకున్నాడు. నిజం చెప్పాలంటే ఒక పూట ఆయనకు అది బాగానే ఉంది కూడా. డెబ్బై దాటినవాణ్ణి చూసి ఊరు అసూయపడటం రోజూ జరిగేది కాదు. కాస్త ఛాతీ విరుచుకుని నడిచాడు. సాయంత్రం నడుము నొప్పితో మూలిగాడు.

కానీ ఈ మాట కూడా రొట్టెల కొట్టుకు చేరింది.

మర్నాడు గెంగ్ వెళ్లేసరికి సుచిన్ రొట్టెను కాగితంలో చుట్టి బల్ల మీద పెట్టింది. తలెత్తలేదు. ఆ మర్నాడూ అంతే. మూడోనాడు పొయ్యి చుట్టూ జనం పలచబడేదాకా ఆగి, ఆయనే అడిగాడు.

"ఏంటి సుచిన్, మాట్లాడవేం?"

ఆమె పిండి చేతులు గుడ్డకు తుడుచుకుంది. "పెళ్లి మాట వదిలేద్దామయ్యా."

గెంగ్ తన రోగం సంగతి తెలిసిపోయింది అనుకున్నాడు. డాక్టరమ్మ చెప్పిందో, ఆసుపత్రిలో ఎవరన్నా చూశారో.

"ఎవరు చెప్పారు నీకు?"

"ఎవరు చెప్పకపోతే! ఊరంతా అదే మాట. కూరల మార్కెట్టులో ఆడాళ్లు నన్ను చూసి మూతులు మూసుకుని నవ్వుతున్నారు." ఆమె మొహం పొయ్యిలో నిప్పుకంటే ఎర్రగా ఉంది. "ఏమయ్యా, నాకు అరవై అయిదు దాటాయి. తెల్లవారకముందే లేచి పిండి కలపాలి. రాత్రి ఒళ్లు వాల్చామంటే నిద్రపోదాం అనుకునే మనిషిని నేను. పొద్దున కబుర్లు చెప్పుకోడానికి, పక్కన కూర్చుని చారు తాగడానికి ఒక మనిషి అనుకున్నాను. నువ్వేమో కుండలకు కుండలు మేకాకు కాచుకుని తాగుతున్నావంట! నావల్ల కాదు బాబూ."

గెంగ్‌కు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వొచ్చింది. నవ్వితే కొంప మునుగుతుందని ఆపుకున్నాడు. ఆపుకుంటూనే ఆలోచించాడు. ఊరుకుంటే ఈమె వెళ్లిపోతుంది. నిజం చెప్తే, పెట్టిన ఒక్క షరతూ తప్పినవాడవుతాడు, అప్పుడూ వెళ్లిపోతుంది. ఇంట్లో ఎదురు చూసేది మట్టికుండ ఒక్కటే. ఏ దారినైనా అక్కడికే అయితే, ఈమెను ఇలా భయపెట్టి పోవడం ఎందుకు?

"ఆ మందు దానికి కాదు," అన్నాడు.

"మరి దేనికో?"

"ఎముకలకు."

సుచిన్ ఆయన మొహంలోకి చూసింది.

"గుల్లబారాయంట. వసంతంలో జాడీ జరుపుతుంటే వెన్నుపూస నొక్కుకుపోయింది. ఈ ఊరికి మేకాకు అంటే ఒకటే తెలుసు. డాక్టరమ్మ ఎముకలకని ఇచ్చింది." కొంచెం ఆగాడు. "నీకు చెప్పాల్సింది. నువ్వు పొమ్మంటావని చెప్పలేదు."

పొయ్యి లోపలి గోడకు అంటించిన రొట్టె మాడు వాసన వస్తోంది. ఇద్దరూ చూసుకోలేదు.

ఉన్నట్టుండి సుచిన్ నవ్వడం మొదలుపెట్టింది. పొట్ట పట్టుకుని, బల్ల మీద చెయ్యి కొడుతూ నవ్వింది. పిండి ఎగిరి గెంగ్ చొక్కా మీద పడింది.

"ఎముకలా! అమ్మయ్య! మూడు రోజులుగా నాకు నిద్రలేదయ్యా, ఈ ముసలాడితో ఎట్లా వేగాలా అని!"

గెంగ్ కూడా నవ్వబోయాడు. అంతలోనే ఆమె నవ్వు ఆగిపోయింది. గరిటె పట్టుకుంది.

"ఇనుపముక్కనన్నావు."

"అన్నాను."

"వసంతం నుంచి నా ఎదురుగా కూర్చుని నా రొట్టెలు తింటూ అబద్ధం ఆడావు."

"ఆడాను."

"ఇంకేమన్నా ఉన్నాయా? గుండె? షుగరు?"

"లేవు. ఎడమచెవి కొంచెం..."

"అది నాకు తెలుసులే. నేను కుడివైపే కూర్చుంటాను." ఆమె మాడిన రొట్టెను తీసి పారేసింది. పొయ్యిలో బొగ్గులు ఎగదోసింది. గెంగ్ బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు. ఒకామె వచ్చి రొట్టెలు కొనుక్కుని, వీళ్లిద్దరినీ మార్చి మార్చి చూసి, వెళ్లింది.

"మంచాన పడ్డవాడికి చాకిరీ చెయ్యనన్నాను. ఇప్పటికీ అదే మాట," అంది సుచిన్ చివరికి. "కాబట్టి నువ్వు పడకూడదు. రేపు పొద్దున మీ ఇంటికొస్తాను."

అన్నట్టే వచ్చింది. గుమ్మంలో జారే గోనెపట్టా తీసి బయట పడేసింది. అటక ఎక్కే ముక్కాలిపీట పట్టుకుపోయింది. ఊరగాయ జాడీని తన బండిలో వేసుకుంది. స్నానాల గదిలో పట్టుకోడానికి కమ్మీ బిగించే మనిషిని తెచ్చి, బిగించాక తనే వేలాడి చూసింది. ఆ మర్నాడు ఆయన్ని వెంటబెట్టుకుని షెన్ డాక్టరమ్మ దగ్గరికి వెళ్లింది. గెంగ్ నోరు విప్పే పని లేకుండా అన్నీ తనే అడిగింది.

"ఈయన గట్టిపడతాడా?"

"కొత్త ఎముకలు రావమ్మా. ఉన్నవి కాపాడుకోవాలి. నెమ్మదిగా."

"నెమ్మది అయితే నాకు ఇబ్బంది లేదు," అంది సుచిన్.

వాళ్లు బయటికొచ్చేసరికి అరుగు మీద పాంగ్ కూర్చుని ఉన్నాడు. మూతి వాచి, పెదవుల చుట్టూ పుళ్లు లేచాయి. పిప్పి చూసి, అవే మూలికలు తూకం వేసుకుని, తనూ కాచుకుని తాగాడు. ఒళ్లంతా వేడి చేసింది.

"ఒరేయ్ గెంగూ," అన్నాడు నోరు పూర్తిగా తెరవకుండా, "నువ్వెట్లా తట్టుకుంటున్నావురా?"

గెంగ్ సుచిన్ వైపు చూశాడు. చెప్పనా వద్దా అన్నట్టు.

"అన్నా, ఈయనకు ఎముకలు గుల్ల," అంది సుచిన్. "అందరికీ చెప్పుకో. నీ నాడి చూపించుకుని నీకేది ఇస్తే అది తాగు. వదినను మాత్రం నిద్రపోనియ్యి."

పాంగ్ రెండు చేతులూ మూతికి అడ్డం పెట్టుకున్నాడు.

పున్నమి పండగ కాగానే రిజిస్టర్ కోసం ఫోటో తీయించుకోడానికి వెళ్లారు. వెనక ఎర్రటి తెర, ముందు రెండు ఎత్తుపీటలు. ఫోటో తీసే కుర్రది ఒక కన్ను మూసి చూసింది.

"తాతగారూ, కొంచెం నిటారుగా కూర్చోండి."

"ఇదే నిటారు," అన్నాడు గెంగ్.

"అమ్మమ్మ తల పైకి వస్తోంది. మీకు కింద దిండు పెడతానుండండి, ఇద్దరూ సమానంగా వస్తారు."

గెంగ్ లేవబోయాడు. సుచిన్ ఆయన మోకాలి మీద చెయ్యి వేసి ఆపింది.

"దిండొద్దమ్మా. దిండు మీంచి జారితే ఎవరు చూస్తారు? ఉన్నదున్నట్టు తియ్యి," అని, ఆయన కుడివైపుకు కాస్త జరిగి, తల వంచింది.