పరీక్ష గదిలో గడియారం

రోజూ తొమ్మిదిన్నరకి అటెండరు పరీక్ష గది తాళం తీసి, బల్ల తుడిచి, గోడ గడియారం వంక చూస్తాడు. "ఇవాళ భోజనం ఎన్నింటికో," అని గొణుక్కుంటాడు. ఆ గదిలో పిల్లలెవరైనా ఆలోచిస్తుంటే గడియారం ఆగిపోతుంది. జవాబు చెప్పాకే మళ్ళీ నడుస్తుంది. యూనివర్సిటీ సైకాలజీ విభాగంలో అందరికీ తెలిసిందే. అందుకే హెడ్డు స్టాప్‌వాచీ కొనిపించాడు.

లెక్చరరమ్మ పదకొండేళ్ళుగా ఆ స్టాప్‌వాచీతోనే, చదవడానికి తడబడే పిల్లల మీద పరిశోధన చేసింది. ఆలస్యంగా వచ్చిన సరైన జవాబులన్నిటికీ సున్నాలు చుట్టింది. ఆ సున్నాల మీదే డాక్టరేటూ, ఉద్యోగమూనూ. ఆ పిల్లలు తర్వాత ఏమయ్యారో ఒక్కసారీ అడగలేదు. చదువుకున్న మనిషి, సిగ్గుండక్కర్లా?

ఆ సోమవారం ఒక టైలరు తన తొమ్మిదేళ్ళ కూతుర్ని తీసుకొచ్చింది. ఇక్కడి పరీక్షలో మార్కులు డెబ్బై దాటకపోతే బడిలోంచి తీసేస్తామన్నారట.

బస్సు తప్పిపోయిన అమ్మాయి కథ పిల్ల ముందు పెట్టారు. ఆ అమ్మాయి ఎందుకు ఏడ్చిందన్నది ప్రశ్న. పిల్ల ఒక్కో మాట మీదా వేలు పెట్టి చదువుతోంది. గడియారం పదీ ఐదు దగ్గర ఆగింది. స్టాప్‌వాచీ మాత్రం ఆగకుండా పరిగెత్తి, కుయ్యిమంది.

"టైమైపోయింది. సున్నా వేసెయ్యండి మేడమ్," అన్నాడు హెడ్డు గుమ్మంలోంచి.

అప్పుడే పిల్ల తలెత్తింది. "బస్సు పోయినందుక్కాదు టీచర్. లోపలున్నవాళ్ళెవరూ ఆపమనలేదని ఏడ్చింది."

లెక్చరరమ్మకి ఒళ్ళు మండిపోయింది. హెడ్డు మీద, అంతకంటే ఎక్కువ తన మీద. స్టాప్‌వాచీ తీసి చెత్తబుట్టలో పడేసింది.

"ఏ టైమండీ అయిపోయింది? గదిలో గడియారం చూడమనే కదా మన పరీక్ష నియమాల పుస్తకంలో ఉంది! అటు చూడండి, నిమిషం కూడా కాలేదు."

"మీ ప్రొఫెసరు పోస్టు ఫైలు నా బల్ల మీదుంది. గుర్తుందా?"

"ఉండనివ్వండి. ఉక్కపోస్తే విసురుకోవచ్చు."

ప్రశ్నలన్నీ ముగిసేసరికి బయట మధ్యాహ్నం దాటింది. లోపల పదింపావు. మార్కులు ఎనభై నాలుగు.

"రేపట్నుంచి బడికి పంపచ్చామ్మా?" అంది టైలరు, సంతకం పెట్టిన కాగితం రెండు చేతులా పట్టుకుని.

"నిక్షేపంగా పంపు. ఎవరన్నా అడ్డొస్తే నాకు ఫోన్ చెయ్యి."

తల్లీ కూతుళ్ళు వెళ్ళిపోయారు. గడియారం మాత్రం కదల్లేదు.

"జవాబు చెప్పాల్సినవాళ్ళు ఇంకా ఎవరో మిగిలున్నారమ్మా," అన్నాడు అటెండరు, కుర్చీలు సర్దుతూ.

ఆమె బీరువా తెరిచి, అట్టడుగున ఉన్న పదకొండేళ్ళ నాటి ఫైలు తీసింది. అందులోని నంబరుకి ఫోన్ చేసింది.

"మీ అబ్బాయికి అప్పట్లో సున్నా వేసింది నేనేనండీ. తప్పు నాది. ఒకసారి తీసుకురండి. ఈసారి తను జవాబు చెప్పేదాకా కూర్చుంటాను."