పోస్టర్ మీద నా ముఖం

పోస్టర్ మీద మాత్రం నా ముఖం పెద్దగా వేశారు. ఇండోనేషియాలో, జోగ్జా నగరంలో ఒక కాలేజీ గేటుకే కట్టారు. వెబ్ డెవలపర్ల సంఘం సభ అది. నేను మాట్లాడాల్సింది పొద్దున పదిన్నరకి.

సిగ్నల్ పోయినా, ఫారంలో నింపింది పోకుండా దాచే చిన్న ప్రోగ్రామ్ నాది. మా కొండ ఊళ్ళలో జనం పెన్షన్ కోసమో బడి సీటు కోసమో సగం నింపేసరికి సిగ్నల్ పోతుంది, మళ్ళీ మొదటికొస్తుంది. ఇప్పుడు చాలా సైట్లు దాన్నే వాడుతున్నాయి. బాగుచేసేది మాత్రం నేనొక్కదాన్నే. ఉద్యోగం చేసుకుంటూ ఇక నావల్ల కాదు. తోడు దొరక్కపోతే వానాకాలంలోపు మూసేయాలి. ఆ తోడు అడగడానికే బస్సెక్కి వచ్చాను.

నా ముందు, సభకి డబ్బిచ్చిన కంపెనీ ఆయన వేదిక ఎక్కాడు. ఎక్కినవాడు దిగలేదు. ఆయన్ని ఆపకుండా, సభ నడిపే గాలిహ్ అన్న నా దగ్గరికొచ్చాడు.

"నీది పన్నెండుకి పెడదాం చెల్లీ."

"ఇవాళ శుక్రవారం అన్నా. మగవాళ్ళంతా నమాజుకి వెళ్తారు."

"ఆడవాళ్ళుంటారుగా. నీకూ బెరుకుండదు."

పన్నెండయ్యేసరికి ఆ ఆడవాళ్ళనీ అతనే కిందికి పంపాడు, నమాజు నుంచి వచ్చేవాళ్ళకి అన్నం పెట్టెలు సర్దమని. హాల్లో నా స్నేహితురాలు నికెన్ ఒక్కతే మిగిలింది. ఏసీ కూడా ఆపేశారు.

"కుర్చీలకి చెప్పవే. మధ్యలో ఫోన్లు చూసుకోవు," అంది.

నాకు నవ్వు రాలేదు. మాట్లాడకుండానే లాప్‌టాప్ మూసేశాను. నా కోపం నమాజు మీద కాదు. ఆ గంటలో ఎవరూ ఉండరని అతనికి తెలుసు. తెలిసే నాకిచ్చాడు.

సాయంత్రం గ్రూప్ ఫోటోకి అందరూ వేదిక ముందు చేరారు. పెళ్ళయినా మీటింగయినా ఫోటో దిగకుండా మావాళ్ళు కదలరు.

"వెనింగ్ చెల్లీ! ముందు వరుసలో, మధ్యలోకి రా," గాలిహ్ అన్న మైకులో పిలిచాడు. "పోస్టర్ మీద వేసింది నీ ముఖమేగా!"

వెళ్ళాను. మధ్యలోకి కాదు, అతని దగ్గరికి. చెయ్యి చాపితే మైకు ఇచ్చేశాడు, థాంక్స్ చెప్తాననుకున్నాడేమో.

"పొద్దున నా సమయం తీసేసుకున్నారు. ఇప్పుడు మాట్లాడతాను. ఫోటో ఆ తర్వాతే."

"ఏంటిది చెల్లీ, ఫోటోగ్రాఫర్ వెళ్ళాలంట."

"టైమైపోయిందని కంపెనీ ఆయనకి చెప్పావా అన్నా, ఇలా?"

వెనక ఎవరో ఈల వేశారు. కొందరు విసుక్కుంటూ నేల మీదే కూర్చున్నారు. అంతా చెప్పాను. ఏం పాడవుతోందో, మూసేస్తే ఎవరి ఫారాలు పోతాయో.

"మీలో సగం మంది దీన్ని వాడుతున్నారు. ఎవరు చెయ్యి కలుపుతారు?"

చాలామంది ఫోన్లలోకి తలలు దించుకున్నారు. అన్నం పెట్టెలు సర్దినమ్మాయి ఒకతి లేచింది. పెట్టెల రబ్బరు బ్యాండ్లు ఇంకా మణికట్టుకే ఉన్నాయి.

"నేను చూస్తానక్కా."

"నేనూ," అన్నాడు ఒక గడ్డం అతను. "మా సైటుకి అదే దిక్కు."

"సరే సరే, ఇక ఫోటో!" గాలిహ్ అన్న మైకు లాక్కున్నాడు.

మేం ముగ్గురం అప్పటికే వేదిక మెట్ల మీద కూర్చుని లాప్‌టాప్ తెరిచాం. అతను నన్ను పేరుపెట్టి మళ్ళీ మళ్ళీ పిలిచాడు. నేను తలెత్తలేదు. చివరికి మధ్యలో నా చోటు అలా ఖాళీగా ఉంచేసి ఫోటో తీసుకున్నారు.