గుండు చెప్పిన అబద్ధం

వెంకటరత్నం అద్దం చూడటం మానేసి వారం దాటింది. అంతకుముందు అద్దం కనబడితే వదిలిపెట్టేవాడు కాదు. మంగలి షాపు అద్దం, కిళ్ళీ కొట్టు అద్దం, చివరికి బస్సు కిటికీ కూడా అతనికి అద్దమే. ఉద్యోగం రాకపోవడానికి కారణం తన మొహంలోనే ఎక్కడో ఉందనీ, అదెక్కడుందో పట్టుకుంటే చాలుననీ అతని నమ్మకం. నిజాంపట్నంలో చేపల వేటకెళ్ళే ఇళ్ళ నుంచి బి.ఏ. దాకా చదివినవాడు తనొక్కడే. చదువుకి వంక పెట్టడానికి లేదు కాబట్టి వంక మొహానిదే అయ్యుండాలి.

మొదటి ఇంటర్వ్యూ తెనాలిలో, ఒక ప్రైవేటు స్కూల్లో గుమాస్తా పనికి. అది డెబ్బై మూడో సంవత్సరం. అప్పట్లో అతని జుట్టు కాలరు మీద పడేది, చెవుల పక్క వెంట్రుకలు దవడ దాకా దిగేవి, బెల్‌బాటం ప్యాంటు నడిచినంత మేరా రోడ్డు ఊడ్చేది. కుర్రాళ్ళందరూ అలాగే ఉండేవాళ్ళు, ఇతనొక్కణ్ణీ అనుకుని లాభం లేదు. స్కూలు పెద్దాయన కళ్ళజోడు సర్దుకుని పైనించి కిందకి చూశాడు.

"ఏమయ్యా, గుమాస్తా పనికొచ్చావా, నాటకంలో వేషానికొచ్చావా?"

గదిలో అందరూ నవ్వారు. మర్యాదకి వెంకటరత్నం కూడా నవ్వాడు. ఆ నవ్వినందుకే తర్వాత చాలా రోజులు తనని తాను తిట్టుకున్నాడు.

రెండోది రేపల్లెలో, ఎరువుల వ్యాపారం చేసే ఒక కంపెనీ ఆఫీసులో. ఈసారి జుట్టు పోలీసు కానిస్టేబుల్లా కత్తిరించుకున్నాడు. తెల్లచొక్కా ఇస్త్రీ చేయించాడు. ఎందుకైనా మంచిదని మొహానికీ మెడకీ పౌడరు దట్టంగా పట్టించాడు. మే నెల ఎండలో ఆ పౌడరు చారలు కట్టింది. చిన్నప్పట్నుంచీ ఉప్పుగాలికీ ఎండకీ నల్లబడిన చర్మం, ఒక డబ్బా పౌడరుకి లొంగుతుందా? అడిగినవాటన్నిటికీ తడుముకోకుండా జవాబు చెప్పి బయటికొచ్చాడు. తలుపు సరిగ్గా పడలేదు. లోపల్నించి మేనేజరు గొంతు వినబడింది.

"లెక్కలవీ బాగానే చెప్పాడండి. కానీ కౌంటర్లో కూర్చునేవాడు కాస్త కంటికి ఇంపుగా ఉండాలి కదండీ."

ఆ రోజు రేపల్లె బస్టాండులో అతను కూర్చోలేకపోయాడు. ఒక బస్సు వదిలేసి, ఇంకో బస్సు వదిలేసి, పంపు దగ్గర మొహం కడుక్కుంటూనే ఉన్నాడు. పౌడరు ఎప్పుడో పోయింది. కడగడం మాత్రం ఆపలేదు.

ఇంటికొచ్చాక తల్లి గంగరత్నం అసలు కారణం బయటపెట్టింది.

"మొహం కాదు, జుట్టూ కాదురా. మొక్కు. ఆమధ్య గాలివానకి మీ నాన్న పడవ తిరిగి రాకపోతే, మోపిదేవి సామికి నీ తల ఇస్తానని మొక్కుకున్నాను. ఆయనొచ్చాడు. నీ తల ఇంకా వెళ్ళలేదు. అందుకే నీకు ఏ పనీ కుదరట్లేదు."

"గుండుతో ఇంటర్వ్యూకెళ్తే ఇంకేమైనా ఉందా అమ్మా!"

"జుట్టుతో వెళ్ళి ఏం తెచ్చావు?"

మర్నాడే తల్లీ కొడుకూ పెనుమూడి రేవులో పడవెక్కి, కృష్ణ దాటి మోపిదేవి వెళ్ళారు. అక్కడి మంగలి గుండుతో ఆగకుండా మీసం కూడా లాగేశాడు. తిరిగొచ్చేసరికి బాపట్ల నుంచి మూడో ఇంటర్వ్యూ కార్డు వచ్చి ఉంది. వెంకటరత్నం నెత్తి నిమురుకుని, ఇంక అద్దం చూడకూడదని ఒట్టేసుకున్నది అప్పుడే.

తండ్రి సింగయ్య సంగతి కూడా చెప్పాలి. ఆయన తక్కువ మాటల మనిషి. అన్న లక్ష్మయ్య కుటుంబంతో ఒకే ఇంట్లో కాపురం. లక్ష్మయ్య పిల్లలు ఆయన్ని బాబాయ్ అని పిలిచేవాళ్ళు. వాళ్ళ మధ్య పెరిగిన వెంకటరత్నం కూడా మాటలొచ్చిన నాటినుంచీ కన్నతండ్రిని బాబాయ్ అనే పిలిచాడు. గంగరత్నం దిద్దబోయింది గాని వాడి నాలుక తిరగలేదు. పోనీలెద్దూ, ఏదో ఒకటి పిలుస్తున్నాడుగా అనేవాడు సింగయ్య. అలా అంటూనే, పక్కింటి పిల్లాడు నాన్నా అంటూ వాళ్ళ నాన్న మెడకి వేలాడుతుంటే, వలకి ముడేస్తున్నవాడు కాసేపు చెయ్యాపి చూసేవాడు. అది గంగరత్నం ఒక్కతే గమనించింది.

ఇంటర్వ్యూ రోజు పొద్దున్నే సింగయ్య చొక్కా తొడుక్కుని నిలబడ్డాడు.

"ఇవాళ వేటకెళ్ళట్లేదురా. నీతో వస్తాను."

వెంకటరత్నం ఆయన కేసి చూశాడు. చొక్కాలోంచి కూడా చేపల వాసన, చెవి మీద చుట్టముక్క, పగుళ్ళు తేలిన పాదాలు. తన మొహానికే దిక్కులేదు, పక్కన ఈయన కూడానా?

"నువ్వొద్దు బాబాయ్. అక్కడ నీకేం పని?" అనేశాడు.

సింగయ్య చొక్కా విప్పి దండెం మీద వేశాడు.

బస్సులో వెంకటరత్నానికి నిలకడ లేదు. కూర్చున్న చోటే అటు జరిగాడు, ఇటు జరిగాడు. చేతిరుమాలు గుండు మీద కప్పాడు, తీశాడు, మళ్ళీ కప్పాడు. పక్కన కూర్చున్న ముసలావిడ అదంతా చూసి, ఉండబట్టలేక అడిగింది.

"ఎవరు పోయారు నాయనా?"

"ఎవరూ పోలేదమ్మమ్మా. మొక్కు."

"అమ్మయ్య! మీసం కూడా తీసేసి ఉంటే అట్టాగే అనుకున్నాను. సల్లగా ఉండు."

బాపట్లలో అదొక సహకార సంఘం ఆఫీసు. లోపల ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో ఉన్న ప్రెసిడెంటు హనుమంతరావుగారు నెత్తి నెరిసిన మనిషి. ఆయన ముందు గుండు చూశాడు, తర్వాత మీసం లేని మూతి చూశాడు, తర్వాత చేతిలో ఉన్న దరఖాస్తు చూశాడు. గొంతు తగ్గించి అడిగాడు.

"సింగయ్యగారు... నాన్నగారేనా?"

"అవునండి."

"ఎక్కడ?"

తండ్రి పని చేసే చోటు అడుగుతున్నాడనుకున్నాడు వెంకటరత్నం.

"సముద్రంలోనండి."

"అయ్యయ్యో! పడవ మీదే?"

"అవునండి, పడవ మీదేనండి."

ఇటుపక్కాయనా అటుపక్కాయనా చ్చొ చ్చొ అన్నారు. అప్పుడు వెలిగింది వెంకటరత్నానికి. కాదండీ అనడానికి నోరు తెరిచాడు. ఈలోపు హనుమంతరావుగారు ఎదురుగా ఉన్న కుర్చీ చూపించాడు.

"కూర్చో బాబూ. మా నాన్నగారు పోయిన నెలలోనే నేనూ ఇట్లాగే గుండుతో ఉద్యోగం కోసం తిరిగాను. ఆ బాధ నాకు తెలుసు."

తెనాలిలో ఎవరూ కుర్చీ చూపించలేదు. రేపల్లెలోనూ అంతే. వెంకటరత్నం తెరిచిన నోరు మూసుకుని కూర్చున్నాడు.

ప్రశ్నలు మెత్తమెత్తగా వచ్చాయి. ఒకటి తప్పు చెబితే వాళ్ళే సర్దారు. "బయట ఉండు బాబూ, మాట్లాడుకుని చెప్తాం" అన్నాడు హనుమంతరావుగారు.

వరండాలో బల్ల ఉంది గాని వెంకటరత్నం దాని మీద కూర్చోలేదు. ఆ చివరికీ ఈ చివరికీ తిరిగాడు. తను అబద్ధమాడలేదు, వాళ్ళే అనుకున్నారు, తన తప్పేముంది? లోపలికెళ్ళి చెప్పేస్తే? చెబితే మళ్ళీ అద్దం, మళ్ళీ పౌడరు, మళ్ళీ ఆ నవ్వులు. పోనీ ఉద్యోగం వచ్చాక నెమ్మదిగా చెబితే? ఆలోచన ఎటు తిరిగినా గుండు దగ్గరికే వచ్చి ఆగుతోంది. తండ్రి బతికి వచ్చినందుకు ఇచ్చిన గుండు ఇది. ఇక్కడ కూర్చుని ఆ తండ్రే పోయాడని చెప్పింది. ఇవాళ ఆయన వేటకెళ్ళకపోవడమే మేలనిపించింది. ఒకవేళ తను రావద్దన్నాడని మనసు మార్చుకుని వెళ్ళి ఉంటే?

సరిగ్గా అప్పుడే గేటు దగ్గర సింగయ్య కనబడ్డాడు. పెళ్ళిళ్ళకి మాత్రమే కట్టే పంచె, పొద్దున విప్పిన చొక్కా, చేతిలో మడత విప్పని కొత్త తువ్వాలు.

"బాబాయ్! నువ్వెందుకొచ్చావ్?" అని గట్టిగా అరిచాడు వెంకటరత్నం. అందులో కోపం ఎంతో, ప్రాణం లేచొచ్చిన సంతోషం ఎంతో అతనికే తెలియదు.

"మీ అమ్మ పంపించిందిరా. ఎండకి గుండు మాడిపోద్దంట, కప్పుకోమంది. ఇచ్చేసి వెళ్ళిపోతాలే."

ఆ కేకకి తలుపు తెరుచుకుంది. హనుమంతరావుగారు బయటికొచ్చాడు, వెనక మిగతా ఇద్దరూ. ఆయన సింగయ్యని చూసి చేతులు జోడించాడు.

"మీరు బాబాయిగారా? మంచి సమయానికి వచ్చారు. సింగయ్యగారి సంగతి విన్నాం. అన్నగారు పోయాక ఈ కుర్రాడికి మీరే పెద్దదిక్కు. బెంగ పెట్టుకోకండి, ఉద్యోగం ఇతనికే ఇద్దామనుకుంటున్నాం."

సింగయ్యకి ముందు అర్థం కాలేదు. సింగయ్య ఎవరు, తనే కదా? కొడుకు కేసి చూశాడు. కొడుకు నేల చూస్తున్నాడు. గుండు చూశాడు, మీసం లేని మూతి చూశాడు. అలలు లెక్కబెట్టి బతికినవాడికి ఇంతకన్నా చెప్పాలా? తువ్వాలు బల్ల మీద పెట్టాడు.

"చిత్తమండి" అన్నాడు చేతులు జోడించి. "బాబాయినేనండి. మా అన్నయ్య... ఉంటే సంతోషించేవాడండి. కుర్రాడు మంచోడండి. నేనెళ్ళొస్తానండి."

మెట్లు దిగి గేటు వైపు నడిచాడు. తొందరగా నడిచాడు. తను ఇంకాసేపు అక్కడుంటే ఎక్కడ బతికి ఉన్నట్టు తెలిసిపోతుందో అన్నట్టు నడిచాడు. ఆ నడక చూసేసరికి వెంకటరత్నం గొంతెత్తి పిలిచాడు.

"నాన్నా!"

సింగయ్య ఆగలేదు. ఆ పిలుపు తనకి కాదనుకున్నాడు. పుట్టి బుద్ధెరిగి అలా పిలిపించుకోలేదాయన.

"నాన్నా, ఆగు!" వెంకటరత్నం పరిగెత్తి ఆయన చెయ్యి పట్టుకుని మెట్ల దగ్గరికి లాక్కొచ్చాడు. "ఈయనే సింగయ్యండి. మా నాన్నండి. చిన్నప్పట్నుంచీ బాబాయ్ అని పిలవడం అలవాటండి. ఇది మొక్కు గుండండి. ఇందాక మీరు వేరేలా అనుకున్నారు. నాకు తెలిసి కూడా ఊరుకున్నానండి."

వెనకున్న ఒకాయన ఫక్కున నవ్వాడు. హనుమంతరావుగారు నవ్వలేదు. చాలాసేపు వెంకటరత్నాన్ని చూశాడు. అంతసేపు అతన్ని ఏ ఆఫీసులోనూ ఎవరూ చూడలేదు.

"నీ మొహం చూసి అమాయకుడివనుకున్నానయ్యా" అని లోపలికెళ్ళిపోయాడు.

తలుపు ఈసారి సరిగ్గానే పడింది.

ఆ ఉద్యోగం రాలేదు. జుట్టు మాత్రం వచ్చింది, మీసం కూడా వచ్చింది. మొక్కు తీర్చినా దేవుడు మాట తప్పాడని గంగరత్నం కొన్నాళ్ళు అలిగింది. ఆ రోజు తిరుగు బస్సులో కొత్త తువ్వాలు గుండు మీద వేసుకుని వెంకటరత్నం కిటికీ పక్కన కూర్చున్నాడు. కిటికీలో తన మొహం కనిపించినా చూడలేదు. చెవి మీద చుట్టముక్క పెట్టుకున్న మొహాన్నే చూస్తూ కూర్చున్నాడు.

మర్నాడు సింగయ్య ఒడ్డున వల బాగుచేసుకుంటున్నాడు. వెంకటరత్నం వెనకనించి అలవాటుకొద్దీ పిలిచాడు.

"బాబాయ్, అన్నానికి రమ్మంటోంది అమ్మ."

ఆయన తల తిప్పలేదు. గాలి హోరు, వినబడలేదేమో అనుకున్నాడు.

"బాబాయ్!"

ముడి మీద ముడి పడుతోంది గాని మనిషిలో చలనం లేదు. వెంకటరత్నం రెండడుగులు ముందుకేసి, కాస్త సిగ్గుపడి, గొంతు సవరించుకున్నాడు.

"నాన్నా."

"ఆఁ, ఏంటి?" అన్నాడు సింగయ్య, వెంటనే.