నూకాలు ఓడ మీద వాచ్

నా ఓడకు నాలుగు గోడలు, ఒక ఇనుప తలుపు, చేతికందనంత ఎత్తులో ఒక కిటికీ ఉన్నాయి. సముద్రానికి మూడు వందల మైళ్ళ దూరంలో, శత్రుదేశం నడిబొడ్డున, గోధుమ చేల మీదుగా నాలుగు నాట్ల, అంటే గంటకి నాలుగు సముద్రపు మైళ్ళ, వేగంతో పోతోంది. దారి నూట పది డిగ్రీలు. ఓడలో ఏడుగురం ఉన్నాం.

జైలు గది ఓడ ఎలా అయిందని అడిగేవాళ్ళు నౌకాదళం సంగతి తెలియనివాళ్ళు. మాలో నేల మీద కట్టిన భవనాన్ని కూడా ఓడ అనే అంటాం. దానికి పేరు పెడతాం, జెండా ఎగరేస్తాం, గచ్చుని డెక్ అంటాం. గేటు దాటి కూరగాయలకు వెళ్ళినా ఒడ్డుకు వెళ్ళొచ్చామని చెప్పుకుంటాం. విశాఖపట్నంలో నేను మూడేళ్ళు పనిచేసిన ఓడకి రెండు మామిడిచెట్లు, ఒక సైకిల్ స్టాండు ఉన్నాయి. దానికి లేని అభ్యంతరం ఈ గదికి ఎందుకు?

మా అసలు ఓడ మునిగి పన్నెండు రోజులైంది. పదమూడో రోజు పొద్దున్న, లెఫ్టినెంట్ కమాండర్ పొట్నూరు జగదీశ్వరరావు అనే నేను, మిగిలిన ఆరుగురినీ వరసలో నిలబెట్టి గదిని ఓడగా ప్రకటిస్తాను. ‘అజేయ’ అని పేరు పెడదామంటాను. చుక్కాని పట్టే సూరాడ ఎర్రయ్య ఒప్పుకోడు. అతను భీమిలి దగ్గర చేపల పల్లెలో పుట్టినవాడు, నాకన్నా పదేళ్ళు పెద్దవాడు.

“అంత పెద్ద పేరెట్టకండి సార్. సంద్రం ఇంటాది, ఊరుకోదు,” అంటాడు. “నూకాలని ఎట్టండి. మా అమ్మమ్మ పేరు. ఆవిడ్ని ఎవులూ ముంచనేకపోనారు.”

కొబ్బరికాయ లేదు కాబట్టి నీళ్ళ ముంతని గోడకి కొట్టి పగలగొడతాం. ఆ చప్పుడుకి గచ్చు ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి ఒరిగి నిలదొక్కుకుంటుంది. ఎర్రయ్య గది మధ్యకు నడిచి, కాళ్ళు ఎడంగా పెట్టి, గాలిలోకి రెండు చేతులూ చాచి చక్రం పట్టుకుంటాడు. చక్రం కనబడదు, అతని చేతుల నరాలు ఉబ్బడం మాత్రం కనబడుతుంది. నేను దారి చెబుతాను. కిటికీలోని తుమ్మచెట్టు వెనక్కి జరగడం మొదలుపెడుతుంది.

ఓడ బయలుదేరిన మూడో రోజు జైలు అధికారి వస్తాడు. మా కోసం నిఘంటువు ముందేసుకుని తెలుగు నేర్చుకున్నాడు పాపం, అందుకని అచ్చు పుస్తకంలా మాట్లాడతాడు. అప్పటికి గది వరండా నుంచి పదకొండు అడుగులు జరిగిపోయింది. మధ్యలో పచ్చటి నీళ్ళు కదులుతున్నాయి. మాకు తిండి ఇవ్వాలంటే ఇద్దరు జవాన్లు చెక్క పలక వెయ్యాలి.

“ఓడ మీదికి వచ్చుటకు అనుమతి కోరుచున్నాను,” అంటాడు అతను, పలక అవతలి కొసన నిలబడి.

“రండి,” అంటాను.

పలక దాటగానే అతని కుడిచెయ్యి దానంతటదే సెల్యూట్‌కి లేస్తుంది. అతను ఆ చేతిని కోపంగా చూసి కిందికి లాక్కుంటాడు. నాకు ఛాతీ పట్టనంత గర్వంగా ఉంది. దాచుకోను కూడా.

“గంటకు నాలుగు నాట్ల వేగముతో ఎచ్చటికి పోవుచున్నారు?” అని అడుగుతాడు.

“నాటు అంటేనే గంటకి లెక్క. మళ్ళీ గంట ఎందుకండీ,” అంటాను. ఎర్రయ్య నవ్వు ఆపుకోలేక దగ్గుతాడు.

అధికారి జేబులోంచి కాగితం, కలం తీస్తాడు. “ఇది గది అని మాత్రమే ఇందు వ్రాయబడియున్నది. సంతకము చేసినచో రేపే ఏడుగురును ఇండ్లకు పోవచ్చును.”

నేను నా మనుషుల వైపు చూస్తాను. ఇద్దరికి కాళ్ళు వాచాయి. ఎర్రయ్యకు జ్వరం, పెదాలు పగిలి నెత్తురు కారుతోంది. ఆ కలం తీసుకోవాలని నా చేతికి ఎంత ఆశగా ఉందో నాకు తెలుసు. అప్పుడు, ఎవరూ అడక్కుండానే, ఎర్రయ్య పైకి చెబుతాడు: “దారి నూట పది, సార్. ఓడ సక్కగా పోతంది.”

కాగితం అధికారికి తిరిగి ఇచ్చేస్తాను.

పద్నాలుగు నెలలు నడుపుతాం. నాలుగు గంటలకొకసారి వాచ్, అంటే చక్రం దగ్గర కాపలా వంతు, మారుతుంది. దిగేవాడు ఎంత అలిసినా, ఎక్కేవాడు ఎదురుగా నిలబడి “వాచ్ నేను తీసుకుంటున్నాను” అనేదాకా చక్రం వదలడు. ఇది మాకు బూట్ల తాళ్ళు కట్టుకోవడం కన్నా ముందు నేర్పుతారు. వరదలో ఒకసారి, ఇసుక తుఫానులో రెండుసార్లు నూకాలు తల తిప్పుకోవాలని చూస్తుంది, మేం తిప్పుకోనివ్వం.

యుద్ధం ఆగిపోయిన వార్త ఒక లారీ రూపంలో వస్తుంది. వెలుతురు బాగా ఉంది, లారీకి కొత్త రంగు వేశారు, డ్రైవరు మా పేర్లు చదువుతున్నాడు. అందరం పలక మీదుగా పరుగెత్తుతాం. లారీలో తలలు లెక్కపెడతాను, ఏడు. బండి కదులుతుంది.

సరిహద్దు దాటాక గాని నాకు తెలియదు, ఏడో చోట కూర్చున్నది ఎర్రయ్య యూనిఫారమని. బొత్తాలన్నీ పెట్టుకుని, బుద్ధిగా, లోపల ఎవరూ లేకుండా కూర్చుంది. లారీ వచ్చేసరికి ఎర్రయ్య వాచ్‌లో ఉన్నాడు. “వాచ్ నేను తీసుకుంటున్నాను” అనాల్సినవాణ్ణి నేను. ఇంటికి పోతున్న సంబరంలో మర్చిపోయాను.

విశాఖపట్నంలో బ్యాండు మేళం, పూలదండలు. మూడోనాడు ఎర్రయ్య భార్య పోలమ్మ ఆ యూనిఫారాన్ని చెయ్యి పట్టుకుని నడిపించుకుంటూ మా క్వార్టర్‌కి వస్తుంది.

“బాబూ, ఈ బట్టలు మావోడియే. లోన మనిసేడి?”

“డ్యూటీలో ఉన్నాడమ్మా.”

“ఆడంతటాడు దిగుతాడా, నువ్వొగ్గితే దిగుతాడా?”

“నేను చెబితేనే దిగుతాడు.”

“అయితే ఈ బట్టలు నీకాడే ఉంటాయి,” అని ఆమె యూనిఫారాన్ని మా గేటు పక్కన నిలబెట్టి, ఏడవకుండా వెళ్ళిపోతుంది. తిట్టినా నాకు ఇంత బరువుగా ఉండదు.

నాకు పతకం ఇస్తారు. ఏడుగురినీ క్షేమంగా తెచ్చినందుకు అని చదువుతారు. “ఆరుగురిని,” అని నేను మైకులో సరిచేస్తాను. సభ చప్పట్లు కొడుతుంది, వినయం అనుకుని. పతకం ఛాతీ మీద నిటారుగా వేలాడదు. వాయవ్యానికి ఒరిగి, ఎవరో దారంతో లాగుతున్నట్టు అలాగే ఉండిపోతుంది. చుక్కాని ఎటుందో నాకు అది చూస్తే తెలుస్తుంది.

మా వంటింటి తొట్టి గొట్టంలోంచి ఎర్రయ్య గొంతు మొదటిసారి విన్నది నేను కాదు, నా భార్య హేమావతి. పొద్దున్న ఎనిమిదింటికి పప్పు కడుగుతోంది.

“దారి నూట పది. అంతా సవ్యం,” అంటుంది గొట్టం.

“ఎవరు, ఎర్రయ్యా? తిన్నావా?” అంటుంది హేమావతి, చెయ్యి ఆపకుండా.

“వాచ్‌లో తినకూడదండమ్మా.”

అప్పటినుంచి నాలుగు గంటలకొకసారి అతని రిపోర్టు వస్తుంది. నాకు కమాండర్ హోదా వస్తుంది, తర్వాత కెప్టెన్, తర్వాత కమొడోర్. కొచ్చిలో, బొంబాయిలో, అండమాన్లలో ఏ ఇల్లిచ్చినా ఆ గొట్టం మాతోనే వస్తుంది. గేటు పక్కన యూనిఫారం కూడా వస్తుంది. రోజూ పొద్దున్న దానికి ముందుగా నేనే సెల్యూట్ చేస్తాను. పెద్ద ఆఫీసరు చిన్నవాడికి ముందు చెయ్యడమేమిటని కొత్త లెఫ్టినెంట్లు గుసగుసలాడతారు. అలాంటి చుక్కాని మనిషి వాళ్ళ ఓడల్లో ఒక్కడుంటే అప్పుడు మాట్లాడమనండి.

నా చొక్కా చేతికి బంగారు పట్టీ ఒకటి పెరిగినప్పుడల్లా ఆ చెయ్యి రెండంగుళాలు పొడవవుతుంది. రియర్ అడ్మిరల్ అయ్యేసరికి మోకాలు దాటుతుంది. అయినా గొట్టంలోపలికి మాత్రం అందదు. ఒకసారి సిగ్గు విడిచి అడుగుతాను, “ఎర్రయ్యా, నా మీద కోపంగా ఉందా?”

“ఓడ నడస్తన్నంతసేపు కోపానికి కాళీ ఏదండీ,” అంటాడు.

నేను ఏటా పై కమిటీకి రాస్తాను: నూకాలు ఓడని విశాఖ రేవుకి తేవడానికి అనుమతి ఇప్పించగలరు. ఏటా ఒకే జవాబు. ఆ పేరుతో ఓడ మన జాబితాలో లేదు. పంతొమ్మిదో ఏట కమిటీ నన్ను పిలిపిస్తుంది. పొడవాటి బల్ల అవతల ముగ్గురు కూర్చున్నారు. మాట్లాడేకొద్దీ బల్ల పొడవవుతోంది, వాళ్ళు గింజలంత కనబడుతున్నారు. బల్ల మీదుగా ఒక కాగితం జారుకుంటూ వస్తుంది. అదే కాగితం, అదే మడత. ఇది గది అని సంతకం పెడితే గదిలో చిక్కుకున్న మనిషిగా ఎర్రయ్యని రేపే రప్పిస్తారట. నాకు వైస్ అడ్మిరల్ హోదా కూడా ఇస్తారట.

సంతకం పెడితే పోలమ్మ మొగుడు ఇంటికొస్తాడు. కానీ ఆ వచ్చేవాడు పంతొమ్మిదేళ్ళు ఖాళీ గదిలో గాలి పట్టుకుని నిలబడిన పిచ్చివాడవుతాడు. ఆ మాట నా చేత్తో రాయలేను. రాయకపోతే అతను అక్కడే ఉంటాడు. కాగితాన్ని వెనక్కి తోస్తాను, అది చాలాసేపు ప్రయాణం చేస్తుంది. ఇంటికొచ్చి వంటింటి గడప మీద కూలబడి, ముసలితనం మీదికొచ్చేవేళ చిన్నపిల్లాడిలా ఏడుస్తాను.

హేమావతి మజ్జిగ గ్లాసు చేతికిస్తుంది. “ఆ ఓడకి కెప్టెన్ ఎవరండీ?”

“నేనే.”

“మీ దగ్గర్నుంచి ఎవరైనా పదవి తీసుకున్నారా?”

“లేదు.”

“మరి ఇన్నేళ్ళూ ఎవర్ని అడుగుతున్నారు?” అంటుంది, ఉప్పు డబ్బా మూత పెడుతూ.

నాలాంటివాడు తప్ప ఇంకెవడూ చెయ్యలేని తప్పు ఇది. ఓడ నాది, మాట నాది, అయినా ఒక ముద్ర కోసం పంతొమ్మిదేళ్ళు క్యూలో నిలబడ్డాను. లేచి తొట్టి మీదికి వంగుతాను.

“ఎర్రయ్యా, ఇంటికి తిప్పు.”

“ఆ మాట కోసరమే సూస్తన్నాను, సార్. ఇంటికి తిప్పుతన్నాను.”

పదకొండు రోజులు పడుతుంది. సరిహద్దులో కాపలావాళ్ళు ముళ్ళతీగ పైకెత్తి పట్టుకుంటారు. ఒక రైలుగేటు దగ్గర గూడ్సుబండి పోయేదాకా నూకాలు మర్యాదగా ఆగుతుంది. అరకు ఘాటు దిగేటప్పుడు మాత్రం, “ఇది ఓడండి బాబూ, బస్సు కాదు,” అని ఎర్రయ్య గొట్టంలో విసుక్కుంటాడు. నాకు నవ్వొస్తుంది. పంతొమ్మిదేళ్ళలో అతను విసుక్కోవడం ఇదే మొదలు.

నేను రిటైరైన మర్నాడు పొద్దున్న గది బీచ్ రోడ్డు మీదికి వస్తుంది. జాబితాలో లేని ఓడకి రేవులో చోటివ్వరు కాబట్టి ఇసుకలో ఆపమంటాను. ఇనుప తలుపు తెరుచుకుంటుంది. జుట్టంతా తెల్లబడి, కాళ్ళు ఎడంగా పెట్టి, రెండు చేతులతో గాలిని పట్టుకుని ఎర్రయ్య నిలబడి ఉన్నాడు. పోలమ్మ యూనిఫారాన్ని చంకన పెట్టుకుని వచ్చి గుమ్మం దగ్గర ఆగింది. తొందర పెట్టదు. ఇది ముందు మా ఇద్దరి పని అని ఆమెకు తెలుసు.

ఎదురుగా నిలబడతాను. “వాచ్ నేను తీసుకుంటున్నాను.”

“వాచ్ మీదే, సార్. దారి ఇంటికి. అంతా సవ్యం.”

అతను చేతులు వదులుతాడు. నేను చక్రం పట్టుకుంటాను. నేను కలిసి పనిచేసిన నావికులందరిలో ఇంత గొప్పవాడు లేడు, ఆ మాట అతనితో అనేస్తాను. అతను సిగ్గుపడి ముఖం తిప్పుకుంటాడు.

“జుట్టంతా నెరిసిపోనాది,” అంటుంది పోలమ్మ.

“నీది నెరవనేదేటి?” అంటాడు ఎర్రయ్య. ఇద్దరూ ఇసుకలో నడిచిపోతారు.

చక్రం వెచ్చగా ఉంది. పట్టు చూద్దామని ఐదు డిగ్రీలు ఎడమకు తిప్పుతాను. గది కదలదు. ఎదురుగా యారాడ కొండ ముక్కు నెమ్మదిగా ఎడమకు తిరుగుతుంది. దాని వెంట రేవు, బీచ్ రోడ్డు, మేడల మీద ఆరేసిన బట్టలు, సింహాచలం కొండ, మొత్తం ఊరు తిరుగుతుంది. విశాఖపట్నం నేలను విడిచి సముద్రంలోకి బయలుదేరుతుంది. జనం కంగారుపడరు, కాళ్ళు కాస్త ఎడంగా పెట్టుకుని పనులు చేసుకుంటారు.

లోతు నీళ్ళలోకి వచ్చాక అవి కనబడతాయి. కనుచూపుమేరా నీళ్ళ మీద గదులు, వందల కొద్దీ. కొన్నిటి మీద మన జెండా, కొన్నిటి మీద ఎవరెవరివో. ప్రతి గదిలోనూ ఒక మనిషి, వాచ్ తీసుకునేవాడు ఇంకా రాక, గాలిని పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎవరూ మమ్మల్ని పిలవడం లేదు. వాచ్‌లో ఉన్నవాడు పిలవడు.

ఊళ్ళోవాళ్ళకు నేను ఏమీ చెప్పనక్కర్లేదు. చేపలమ్మేవాళ్ళు, గుమాస్తాలు, రిక్షావాళ్ళు, టీచర్లు చేతులు కడుక్కుని ఒడ్డు పొడవునా వరస కడుతున్నారు. అందరికన్నా ముందు హేమావతి ఉంది, కొంగు నడుముకి దోపుకుని. “మొదటి వాచ్ నాది,” అని నీటి మీద అడుగు పెడుతుంది. నీరు గచ్చులా గట్టిపడి ఆమెను మోస్తుంది, ఆమె వెనక ఊరంతా నడుస్తుంది. మొదటి గదిలోని మనిషి ఆమెను చూసి, ఒక్కొక్క వేలే విప్పడం మొదలుపెడతాడు.