స్గూర్ రువా మీద మూడు ఈలలు

"రక్షకులొస్తున్నారురా," అన్నాను.

"రాక్షసులా? ఎంతమంది?" అన్నాడు మా బావమరిది టార్క్విల్.

మామూలు రోజైతే ఆ మాట చెప్పుకుని వారం రోజులు నవ్వేవాణ్ణి. కానీ వాడు నవ్వలేదు. నిజంగానే పొగమంచులోకి చూస్తూ లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. చలి ఒంట్లోంచి తలలోకి ఎక్కుతోందని నాకప్పుడే భయం పట్టుకుంది.

కొండమీద ఈలకో పద్ధతుంది. ఆపదలో ఉన్నవాడు వరసగా ఆరుసార్లు ఊది, ఒక నిమిషం ఆగి, మళ్ళీ ఆరు ఊదాలి. దానికి జవాబుగా మూడు వినబడితే, "విన్నాం, వస్తున్నాం, ఉన్నచోటే ఉండు" అని అర్థం. మా పిల్లలకి ఎక్కాలకంటే ముందు ఇది వస్తుంది. నేను ఆరు ఊదాను. పొగమంచులోంచి మూడు వచ్చాయి. ఇంకేం కావాలి?

పొద్దున స్గూర్ రువా కొండకి బయల్దేరినప్పుడు అక్టోబరు ఎండ చక్కగా కాసింది. రెండో చరియ దగ్గర తడి బండమీద టార్క్విల్ కాలు జారి, నడుందాకా వాగులో పడ్డాడు. మోకాలు తిరిగింది. వాడి సంచి దొర్లుకుంటూ లోయలోకి పోయింది. మ్యాపు అందులోనే ఉంది. వెనకే మంచు దిగింది. మ్యాపూ పోయింది, చూపూ పోయింది. సరదాగా కొండెక్కాం. ఇక మా దీపాలు కూడా కొండెక్కేలా ఉన్నాయి.

గంటలో నాలుగుసార్లు ఊదాను. నాలుగుసార్లూ మూడేసి జవాబులొచ్చాయి. వచ్చినప్పుడల్లా నేను "ఇక్కడ, ఇక్కడ" అని అరిచాను. డింగ్‌వాల్ సంతలో ఇరవై ఆరేళ్ళుగా పశువుల వేలం పాడుతున్న గొంతు నాది. నేను గుసగుసలాడితేనే ఎడ్లు తల తిప్పుతాయి. అయినా మనిషి జాడ లేదు.

"బావా, ఉక్కగా ఉంది," అన్నాడు టార్క్విల్. కోటు జిప్పు లాగేస్తున్నాడు.

వాడి చేతులు పట్టుకున్నాను. వణకడం లేదు. వణుకు ఆగిందంటే ఒంట్లో పొయ్యి ఆరినట్టే. బావ బతుకు బావమరిది కోరతాడంటారు. ఇక్కడ బావమరిది బతుకు కోరుతూ బావ కూర్చున్నాడు. కోరుతూ కూర్చుంటే ఎవరూ బతకరు.

"నేనే ఎదురెళ్ళి వాళ్ళని తీసుకొస్తా. నువ్వు పైకే అంకెలు లెక్కపెడుతూ ఉండు. ఆగావో, వెనక్కొచ్చి తంతా."

"నేను పోతే అక్క నిన్ను చంపుతుంది."

"నువ్వు పోకపోయినా చంపుతుంది. ముందు లెక్కపెట్టు."

నా కోటు కూడా వాడికి కప్పి, ఈల వచ్చిన వైపు నడిచాను. పదడుగులకోసారి మూడు రాళ్ళు ఒకదానిమీదొకటి పేర్చాను. తిరిగి రావడానికి నాకున్న దారి అదొక్కటే. కుడిపక్క నేల ఎక్కడ ఆగిపోతుందో తెలీదు. ఒక రాయి చెయ్యి జారింది. అది కింద తగిలిన చప్పుడు నాకు వినబడలేదు.

వెనక టార్క్విల్ గొంతు మాత్రం వినబడుతోంది. ముప్ఫై ఎనిమిది. ముప్ఫై తొమ్మిది. నలభై. నలభై. నలభై.

తర్వాత ఏమీ లేదు.

ముందుకెళ్ళాలా, వెనక్కెళ్ళాలా? వెనక్కెళితే వాడి పక్కన కూర్చుని చూడటం తప్ప ఏం చేయగలను? సరిగ్గా అప్పుడు ఎదురుగా, చాలా దగ్గర్లో, ఈల మోగింది. ఒకటి. రెండు. మూడు. అరవబోయాను. నోరు పిడచకట్టుకుపోయి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నా గొంతు పెగల్లేదు.

ఆ నిశ్శబ్దంలో నాలుగోది వినబడింది. ఐదోది. ఆరోది.

అది వస్తున్నవాళ్ళ ఈల కాదు. రమ్మంటున్నవాళ్ళది.

చరియ కింద చలి ఆపే పెద్ద నారింజరంగు సంచిలో నడుందాకా దూరి ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. ఒక బూటు వింతగా పక్కకి తిరిగి ఉంది.

"గంటయింది. ఇంతసేపటయ్యా రావడం?" అంది.

"అమ్మా, నేను వచ్చినవాణ్ణి కాదు. మీరొస్తారని చూస్తున్నవాణ్ణి."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "మరి మూడేగా ఊదావు?"

"ఆరమ్మా. మూడు ఊది, ఊపిరి తీసుకోడానికి కాస్త ఆగి, మళ్ళీ మూడు..."

"నువ్వు ఆగడం వల్లే వచ్చింది ఈ ఆగడం. నా ఆరు వినబళ్ళేదా?"

"మూడు వినగానే సంతోషంతో అరిచేవాణ్ణి."

"ఆ రంకెలు నీవా? ఎద్దేమో అనుకున్నా," అంది. వెంటనే, "నీతో ఇంకెవరున్నారు?" అనడిగింది.

చెప్పాను.

"ఇటు లాక్కురా. నేను కదల్లేను. ఈ సంచిలో ముగ్గురం పడతాం."

నా రాళ్ళగుట్టల వెంబడే వెనక్కి పరిగెత్తాను. ఒకటి కనబడలేదు. చేతులతో నేలంతా తడిమితే దొరికింది. టార్క్విల్ రెండు కోట్లూ తీసేసి పక్కకి ఒరిగి ఉన్నాడు. చెంపమీద కొట్టాను. కళ్ళు తెరవలేదు. చంకల కింద చేతులు వేసి ఈడ్చాను. ప్రతి గుట్ట దగ్గరా ఆగి, వాడి నోటి దగ్గర చెవి పెట్టి, ఊపిరి ఉందనిపించాక మళ్ళీ ఈడ్చాను.

ఆవిడ పేరు ఎఫీ, ఊరు ఓబన్, రిటైరైన టీచరు. "ముప్ఫై ఏళ్ళు ఒకటో తరగతి పిల్లల తడి మేజోళ్ళు మార్చాను," అంటూ వాడి తడిబట్టలు లాగేసి, తన పొడి స్వెట్టరు తొడిగి, రొమ్ముకి హత్తుకుంది. చాలాసేపటికి వాడు కళ్ళు విప్పితే, ఫ్లాస్కులో టీ గుక్క గుక్కగా పట్టింది.

"ఇప్పుడు ఊదు. ఆగకుండా ఆరు," అని నన్ను ఆజ్ఞాపించింది.

కళ్ళు బైర్లు కమ్మేలా ఊదాను. కింద ఎక్కడో జవాబు. ఒకటి, రెండు, మూడు. ఎఫీ గబుక్కున నా నోరు మూసింది. నాలుగోది రాకూడదని దేవుణ్ణి వేడుకున్నాను.

రాలేదు.

అరగంటకి మంచులోంచి ముందు ఒక పొట్టి గుర్రం, తర్వాత దుప్పుల వేటగాడు ఫిన్లే వచ్చారు. "ఇందాకట్నుంచి నా దుప్పిని బెదరగొడుతున్న మహానుభావులు మీరేనా? మీ ఈలలు ఆరో మూడో తేలక నేనూ కిందే తచ్చాడుతున్నా," అన్నాడు. టార్క్విల్‌ని చూశాక మాటలాపి, వేటాడిన దుప్పిని కట్టాల్సిన జీనుమీద వాణ్ణి కట్టాడు. వైర్‌లెస్‌లో ఎఫీ కోసం స్ట్రెచరు తెమ్మన్నాడు.

స్ట్రెచరు మనుషులు నలుగురు వచ్చాక ఎఫీ మొదట్నుంచీ విప్పి చెప్పింది. "ఇతను ఆరు ఊదితే నాకు మూడనిపించింది. నేను ఆరు ఊదితే ఇతని అరుపుల్లో మూడు మునిగిపోయాయి. ఇతనొస్తాడని నేను, నేనొస్తానని ఇతను. మధ్య దూరం నూటయాభై అడుగులు."

"ఇంకోసారి చెప్పండి టీచరుగారూ," అన్నాడు గుర్రంమీంచి టార్క్విల్. వాడి పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. ఒళ్ళంతా వణుకుతోంది.

ఎఫీ ఇంకోసారి చెప్పింది. నేను గుర్రం పక్కన నిలబడి, వణుకుతున్న వాడి చెయ్యి పట్టుకున్నాను.