గేటు కన్ను తుడిచిన మనిషి

అన్యాయం ఎవరికి జరిగింది? ఒక గేటు కాపలాదారుకు. ఎలా జరిగింది? అతని ప్రాణం పోయిన రోజునే అతని మంచిపేరు కూడా తీసేశారు. ప్రాణం తీసింది ఇనుము. దాన్ని నిలదీసి లాభం లేదు. పేరు తీసింది మనుషులు. వాళ్ళు దాన్ని తిరిగి ఇవ్వగలిగి ఉండి కూడా ఏళ్ళ తరబడి ఇవ్వలేదు.

అతని భార్య ఇప్పుడు అదే గేటు పక్కన, అదే రేకుల గదిలో, అతను కూర్చున్న కుర్చీలోనే కూర్చుంటోంది. అది సిమెంటు బస్తాలు నిలవచేసే పెద్ద గిడ్డంగి. భర్త పోయాక ఆ ఉద్యోగం ఆమెకు ఇచ్చారు. దానికి దయ అని పేరు పెట్టారు. ఆమె వద్దనలేదు, దణ్ణమూ పెట్టలేదు.

ఆ గదికి ఒక కిటికీ, ఒక మేకు. మేకుకు అతని పాత వానకోటు ఇంకా వేలాడుతోంది. అతనున్న రోజుల్లో ఆ గదిలో కాలు పెట్టడానికి చోటుండేది కాదు. బస్తాలు మోసేవాళ్ళు, లారీ డ్రైవర్లు, తూకం వేసే అమ్మాయిలు, అందరికీ అతను బాబాయే. మధ్యాహ్నం అన్నం క్యారేజీ పట్టుకుని ఆమె వస్తే, "పిన్ని వచ్చింది, పక్కకి జరగండ్రా" అని దారి ఇచ్చేవారు. ఇప్పుడు అదే మనుషులు, అదే గేటులోంచి, తలలు వంచుకుని గబగబా నడిచి వెళ్ళిపోతారు. తప్పనిసరి అయితే "అమ్మా" అంటారు. పిన్ని అన్న పిలుపు ఆ గిడ్డంగిలో మళ్ళీ వినపడలేదు. ఆమె తన క్యారేజీ తాను తెచ్చుకుని, కిటికీ వైపు వీపు పెట్టి, ఒక్కతే తింటుంది.

వాళ్ళకు ఆమె మీద కోపం లేదు, తమ మీద సిగ్గు ఉంది. అతను పోయిన సాయంత్రం, షిఫ్టు మారే వేళ, గిడ్డంగి పెద్దసారు లారీలు తూచే కాటా మీద నిలబడి అందరి ముందూ ప్రకటించాడు: "మనవాడు తాగి ఉన్నాడు. కదిలే గేటుకి అడ్డంగా వెళ్ళి వంగాడు. ఇది పూర్తిగా అతని అజాగ్రత్త." అతను జన్మలో మందు వాసన చూసి ఎరగడు. ఆ సంగతి అక్కడున్న ప్రతి ఒక్కరికీ తెలుసు. ఒక్కరూ నోరు విప్పలేదు. గట్టిగా మాట్లాడతాడని అందరూ 'మైకు' అని పిలిచే బస్తాల ముఠా నాయకుడు కూడా ఆ పూట కాళ్ళ వైపు చూస్తూ నిలబడ్డాడు.

చీకటి పడకముందే గేటు మోటారు ఊడదీసి పట్టుకుపోయారు. అప్పటినుంచి ఆ గేటు చేత్తో తోసేదే అయింది. వచ్చే ప్రతి లారీకి ఆమె భుజం ఆనించి తోసేది. భర్తను తీసుకుపోయిన ఇనుమును రోజంతా భుజంతో మోయడం ఎలా ఉంటుందో ఆమె ఎవరికీ చెప్పలేదు. అడిగినవాళ్ళూ లేరు.

లారీలు పెరిగాయి. మళ్ళీ మోటారు పెట్టించాలని పెద్దసారు నిర్ణయించాడు. పని చేయడానికి వచ్చింది మొదట ఆ గేటుకు మోటారు బిగించిన పాత మేస్త్రీయే. జుట్టు నెరిసింది, నడుం కాస్త వంగింది. వచ్చిన పూట "బాగున్నావా వదినా" అన్నాడు కానీ ఆమె ముఖంలోకి చూడలేదు.

ఈసారి అతని పని వేరుగా ఉంది. గేటు తాను జరిగే ఇనుప పట్టా దాటి పడిపోకుండా రెండు చివరలా ఇనుప అడ్డుదిమ్మలు బిగించాడు. గేటు జరిగేటప్పుడు గోడకూ దానికీ మధ్య మనిషి ఇరుక్కునే సందునంతా జాలీతో మూసేశాడు. గేటు అంచు పొడవునా, దేనికైనా తగిలిన మరుక్షణం వెనక్కి వెళ్ళిపోయేలా రబ్బరు పట్టీ తొడిగాడు. నడిచే మనుషులు లారీల దారిలో రాకుండా పక్కనే చిన్న తలుపు వేరుగా పెట్టించాడు.

"ఏం మేస్త్రీ, గేటుకి ఇన్ని నగలు దిగేస్తున్నావ్? కాపురానికి పంపుతావా ఏంటి?" అని అరిచాడు మైకు, బస్తా దించుతూ.

"నగలు కావురా, కళ్ళేలు. నీ నోటికి కూడా ఒకటి మిగిల్చా, ఉండు."

అందరూ నవ్వారు. గదిలోంచి ఆమె వింటోందని గుర్తొచ్చి ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

ఒక మధ్యాహ్నం వాన పట్టుకుంది. మేస్త్రీ పనిముట్లు తడవకుండా రేకుల గదిలోకి తెచ్చుకున్నాడు. ఆమె ఫ్లాస్కులోంచి గ్లాసులో టీ పోసి అతని ముందు పెట్టింది. వాన రేకుల మీద మోగుతోంది. ముందు ఆమే అడిగింది.

"గేటు కన్ను మళ్ళీ అక్కడే పెడతావా? కింద, స్తంభానికి?"

గేటు దారిలో మనిషో బండో ఉంటే పసిగట్టి గేటును ఆపే సెన్సరును అక్కడ అందరూ కన్ను అనే పిలిచేవారు.

"ఈసారి రెండు పెడతాను వదినా. ఒకటి కింద, ఒకటి పైన. దుమ్ము పడకుండా గొడుగు కూడా పెడతా."

"దుమ్ముదేముంది, తుడిస్తే పోతుంది. మీ అన్న రోజూ తుడిచేవాడుగా. మొదట్లో అస్తమానం ఆగిపోయేది గేటు. లారీ సగం లోపల, సగం బయట. ఆయన పొద్దున్నే జేబురుమాలుతో ఆ గాజు తుడవడం మొదలుపెట్టాక కుదురుకుంది." ఆమె పెదవుల మీద ఏనాటిదో చిరునవ్వు కదిలింది. "ఒక రోజు ఇంటికొచ్చి ఎంత గొప్పలు పోయాడో. 'ఇవాళ ఒక్కసారి ఆగితే ఒట్టు! అదంతా నా రుమాలు మహిమే' అని. ఆ వారమంతా అదే మాట. అన్నం పెడుతున్నా అదే, పడుకోబోతున్నా అదే."

మేస్త్రీ గ్లాసు కింద పెట్టేశాడు.

"ఏ వారం వదినా?"

"పోయే ముందు వారం."

వాన కాస్త తగ్గింది. అతను లేచి గుమ్మం దాకా వెళ్ళాడు, మళ్ళీ వచ్చి కూర్చున్నాడు.

"అది తుడవడం వల్ల కాదు వదినా," అన్నాడు. "ఆ కన్ను అప్పటికే పని చెయ్యడం లేదు. గేటు ఆగిపోతోంది, లారీలు నిలిచిపోతున్నాయి, ఏదో ఒకటి చెయ్యమని పెద్దసారు పోరు పెట్టాడు. గొడుగు పెట్టి చోటు మారుస్తానంటే అంత టైము లేదన్నాడు. కన్ను తీగ తీసేసి ఆ చోట అడ్డంగా తీగముక్కతో లింకు వేసెయ్యమన్నాడు. వేశాను. అప్పుడు దారిలో ఎవరున్నా గేటుకి ఖాళీగా ఉన్నట్టే. నాలుగు రోజుల్లో వచ్చి సరిచేద్దామనుకున్నా."

"ఆయనకి చెప్పావా?"

"లేదు. పెద్దసారు చెప్తాడనుకున్నా."

గేటు దారిలో వంగి, చేతిలో రుమాలుతో, గుడ్డిదైపోయిన గాజును అపురూపంగా తుడుస్తున్న మనిషి ఆమె కళ్ళ ముందున్నాడు. ఆ కన్ను తనను చూస్తోందన్న భరోసాతోనే వీపు గేటు వైపు పెట్టి వంగాడు. లారీ లోపలికి వెళ్ళాక కాసేపటికి దానంతటదే మూసుకునే గేటు అది. ఇన్నేళ్ళూ ఆమెకు అంతుపట్టనిది అదొక్కటే: అంత చక్కగా పనిచేస్తున్న కన్ను ఆయన్ని ఎందుకు చూడలేదు? ఇంటికి తెచ్చిచ్చిన బట్టల్లో ఆ రుమాలు ఉంది, సిమెంటు దుమ్ముతో బూడిదరంగుకు తిరిగి. ఉతకడానికి చెయ్యి రాక అలాగే దాచింది.

"నన్ను తిట్టు వదినా. కొట్టినా పడతా."

"తిడితే నీకు తేలికవుతుంది. నాకేం ఒరుగుతుంది?" అందామె. "నువ్విప్పుడు ఇచ్చింది సగం కూడా కాదు. ఆయన్ని తాగుబోతన్నది ఈ గదిలో, నా చెవిలో కాదు. ఆ కాటా మీద నిలబడి, అందరి ముందూ అన్నారు. అక్కడ ఇవ్వాలి."

"పెద్దసారుని కాదని బతకలేను. ఈ చుట్టుపక్కల ఏ గిడ్డంగిలోనూ నాకు పనుండదు."

"నిన్ను బతిమాలనయ్యా. అడగాల్సింది అడుగుతా. చెప్పడం, చెప్పకపోవడం నీ ఇష్టం."

ఆ సాయంత్రం ఆమె తన ఒంటి గదికి వెళ్ళి, ఒక పళ్ళెం తీసుకుని, ఒక్క మనిషికి సరిపడా వండుకుంది. ఆయన గొప్పలు ఆమె చెవుల్లో మోగుతూనే ఉన్నాయి. పాపం, ఎంత సంబరపడ్డాడు! ఆ సంబరం కూడా అబద్ధం మీద నిలబడిందే. అంతవరకూ రాని ఏడుపు అప్పుడొచ్చింది.

గేటు అప్పజెప్పే రోజు వచ్చింది. రోజూ గేటు నడిపే మనిషికి అన్నీ చూపించి, ఆ మనిషి సరేనన్నాక మొదటి లారీకి గేటు ఆ చేత్తోనే తెరిపించడం మేస్త్రీల పద్ధతి. అది పదిమందీ చూసేలా పొద్దున షిఫ్టు మొదలయ్యే వేళ జరగాలని పెద్దసారు ఏర్పాటు చేశాడు. పనివాళ్ళంతా మూసిన గేటు బయట, కాటా చుట్టూ నిలబడ్డారు.

మేస్త్రీ గేటును కొద్దిగా తెరిచి, దారిలో అట్టపెట్టె పెట్టి, మూసే మీట నొక్కాడు. గేటు కదలలేదు. తర్వాత రెండు కళ్ళకూ అందనంత ఎత్తులో ఒక కర్రముక్కను అంచుకు ఆనించి మూయించాడు. రబ్బరు తగలగానే గేటు ఉలిక్కిపడినట్టు వెనక్కి వెళ్ళింది. కరెంటు పోతే తాళంచెవితో మోటారు విడదీసి తోసుకోవడం చూపించాడు. ఆమె ప్రతిదీ దగ్గరకెళ్ళి చూసింది.

గేటు మళ్ళీ మూసుకుంది. "అయిందిగా అమ్మా, ఇక తెరువు," అన్నాడు పెద్దసారు.

"ఒక్కటి మిగిలింది సార్. మేస్త్రీ, ఆ కన్ను తీగ పీకెయ్యి."

"ఇప్పుడదెందుకు?"

"నడిపేది నేను కదా సార్. చూసుకుంటాను."

మేస్త్రీ తీగ తీశాడు. మీట నొక్కాడు. ఎన్నిసార్లు నొక్కినా గేటు ఉలకలేదు, పలకలేదు.

"కన్ను పోతే గేటు కదలదన్నమాట. పాతదీ అంతేనా?"

"పాతదీ అంతే వదినా."

"మరి ఆ రోజు ఎలా కదిలింది?"

గాలికి సిమెంటు దుమ్ము లేచి అణగింది. మేస్త్రీ చేతిలోని తీగను చూశాడు, పెద్దసారును చూశాడు. తర్వాత నడుచుకుంటూ వెళ్ళి కాటా ఎక్కాడు.

"కన్ను తీసేసి లింకు వేశాను," అన్నాడు. "మీ బాబాయికి తెలీదు. పనిచేస్తోందనుకుని తుడవడానికి వంగాడు. వేసింది నా చెయ్యే. వెయ్యమన్నది పెద్దసారు."

"పాత సంగతులు ఇప్పుడెందుకయ్యా!" పెద్దసారు గొంతు పెరిగింది. "టైమవుతోంది. గేటు తియ్యమ్మా."

ఆమె అరచెయ్యి మీట మీదే ఉంది. నొక్కలేదు. వెనక లారీ హారన్ కొట్టింది. అప్పుడు మైకు తలపాగా విప్పి నేల మీద పరిచి, దాని మీద చతికిలబడ్డాడు.

"మాకేం తొందర లేదు సార్. ఆ రోజు తొందరపడి నోరు మూసుకున్నాం, ఇప్పటిదాకా అన్నం సయించడం లేదు."

ఒకరి తర్వాత ఒకరు అందరూ కూర్చున్నారు. పక్కనున్న చిన్న తలుపు తెరిచే ఉంది. అందులోంచి ఒక్కరూ లోపలికి వెళ్ళలేదు. లారీ డ్రైవరు కూడా ఇంజను ఆపేసి కిందికి దిగాడు.

"సరే," అన్నాడు పెద్దసారు, ఉన్నచోటు నుంచే. "అతను తాగలేదు. చాలా?"

"చాలదు సార్," అందామె. "ఆ రోజు మీరు నిలబడింది అక్కడ కాదు. అన్నదీ ఆ ఒక్క మాట కాదు."

అతను చుట్టూ చూశాడు. తన వైపు చూడని ముఖం ఒక్కటీ లేదు. కాటా ఎక్కేటప్పుడు మేస్త్రీ పక్కకు తప్పుకున్నాడు.

"అతను తాగలేదు," అన్నాడు పెద్దసారు. గొంతు సవరించుకున్నాడు. "గేటు ఆగుతుందని నమ్మి, తన పని తాను చేస్తూ పోయాడు. కన్ను తీసేయించింది నేను. అతనికి చెప్పనిది నేను. ఇది అతని అజాగ్రత్త కాదు. పూర్తిగా నా అజాగ్రత్త."

ఆమె తల ఊపింది. పెద్దసారు దిగడం చూడలేదు. అతనితో ఆమెకు పని అయిపోయింది. మేస్త్రీ తీగ మళ్ళీ బిగించాడు. ఆమె మీట పెట్టె తాళంచెవి తిప్పి మోటారుకు కరెంటు ఆపి, ఆ చెవిని కొంగుకు ముడి వేసుకుంది. సంచిలోంచి బూడిదరంగు రుమాలు తీసి, స్తంభం దగ్గర వంగి, కన్ను గాజును నెమ్మదిగా తుడిచింది.

తిరిగి వచ్చి తాళంచెవి పెట్టి తిప్పింది.

"పిన్నీ," అన్నాడు మైకు. ఆ పెద్ద గొంతు ఎక్కడికి పోయిందో, పక్కవాళ్ళకు కూడా సరిగా వినపడలేదు. "ఇక తియ్యి పిన్నీ."

ఆమె మీట నొక్కింది.