నున్నని వేళ్లు

కబురు వచ్చేసరికి ఆమె చేతిలోని అనాసపండుకు పిలక తీయడం అయిపోయింది, తోలు చెక్కడం సగంలో ఉంది. మేస్త్రీ తన అద్దాల గదిలోంచి తల బయటపెట్టి, పళ్లు మోసే బెల్టు రొదను మించి అరిచాడు.

"కొత్తపెళ్లికూతురూ! నీ కార్డు వచ్చిందంట! సాయంత్రం ఆఫీసు మూసేలోగా వచ్చి తీసుకోమంటున్నారు!"

ఆ పళ్ల షెడ్డులో అందరూ ఆమెను అలాగే పిలుస్తారు. పెళ్లయిన రెండో నెలలో, మెడలో పసుపుతాడు రంగైనా వెలవకముందే, చదువుకని ఈ దేశం వచ్చిపడింది. పొద్దున కాలేజీ, మధ్యాహ్నం నుంచి అనాస బల్ల. ఇంకా ఆమె మొహంలో ఆ పెళ్లికళ తగ్గలేదని పక్కబల్లల వాళ్ల వేళాకోళం.

చెక్కుతున్న పండును బల్లమీద వదిలేసి ఆమె ఉన్నచోటే ఒక గెంతు గెంతింది. కాళ్లకున్న రబ్బరు బూట్లు నేలమీది రసంలో చప్పుడు చేశాయి. ఆ కార్డు ఉంటే ఇక్కడ ఉండవచ్చు, చదువుకోవచ్చు, పెళ్లాడినవాణ్ణి పిలిపించుకోవచ్చు. అది లేకపోతే పాస్‌పోర్టులో వేసిన ముద్రే దిక్కు, ఆ ముద్ర గడువు ఈ రోజుతో ఆఖరు. వారం రోజులుగా ఆమెకు అన్నం సయించలేదు. ఇప్పుడు ఒక్కసారిగా ఆకలి తెలిసింది.

స్టిక్కర్ల బల్ల దగ్గర కూర్చునే పెద్దక్క లేచి వచ్చి బుగ్గ గిల్లింది. ఆమె కూడా చదువుకోవడానికి వచ్చిన పిల్లే, ఏడాది ముందు వచ్చింది కాబట్టి పెద్దక్క.

"ఇక మీ ఆయన పెట్టె సర్దుకోవచ్చన్నమాట. ఆయనొచ్చాక మాకు కనబడతావటే?"

"ఎందుకు కనబడనక్కా? ఆదివారాలు వస్తాగా."

"ఆదివారాలే కనబడవే, పిచ్చిమొద్దూ!"

బల్లల చుట్టూ నవ్వులు లేచాయి. మేస్త్రీ కూడా నవ్వాడు కానీ ఆమె ముందున్న తొట్టి చూపించాడు. "అది ఖాళీ చేసి వెళ్లు. లారీ వచ్చే టైమైంది."

తొట్టి నిండుగా ఉంది. ఆమె అటూ ఇటూ చూసి, చేతి తొడుగులు లాగేసి నడుముకు దోపుకుంది. తొడుగులు తీయకూడదని గోడమీద రాసే ఉంది. కానీ తడిసిన పండు తొడుగులో నిలవదు, జారిపోతుంది, కత్తి ఆగి ఆగి నడుస్తుంది. అందుకే మేస్త్రీ చూడనప్పుడు అందరూ వట్టి చేతులతోనే కానిచ్చేస్తారు, మేస్త్రీ చూడకుండా ఉండటానికి తన వంతు కృషి తానూ చేస్తాడు. మొదట్లో ఆ రసం తగిలితే ఎర్రచీమలు పట్టినట్టు వేళ్లు మండేవి. కొన్నాళ్లకు మంట పోయింది. ఆ తర్వాత వేళ్ల కొసలు గవ్వ వీపులా నున్నగా తయారయ్యాయి. ఫోను తెరమీద చెయ్యి చూపిస్తే వాళ్లాయన ఎంత మురిసిపోయాడో. 'పని చేస్తున్నావా, పాలల్లో నానబెట్టుకుంటున్నావా?' అన్నాడు. ఆమె నాలుగు రోజులు ఆ మాట నెమరేసుకుంటూ పళ్లు చెక్కింది.

ఇవాళ కత్తి నాట్యం చేసింది. పిలక, అడుగు, నాలుగు పక్కలా తోలు, ఆ తర్వాత ఏటవాలుగా గాడి పెట్టి పండు కళ్లు. పసుపు రసం మణికట్టు దాటి మోచేతి దాకా కారింది. చివరి పండు కోసి బెల్టుమీదికి తోసేసరికి పెద్దక్క ఇంకా నాలుగు పెట్టెలకైనా స్టిక్కర్లు అంటించలేదు.

కడుగుళ్ల తొట్టి దగ్గర ఆమె చేతులు వాసన చూసుకుంది. అంత పెద్ద ఆఫీసుకు ఈ కంపుతో ఎలా వెళ్లేది? బట్టల సోడా గుప్పెడు తీసుకుని, గిన్నెలు తోమే ఇనుప పీచుతో అరచేతులు, వేళ్లు, గోళ్ల సందులు తోమింది. పండగనాటి ఇత్తడి గిన్నెను తోమినంత శ్రద్ధగా తోమింది. చేతులు గులాబీరంగుకు తిరిగాయి. భలే ముద్దొచ్చాయి ఆమెకే.

బూట్లు విప్పి అరలో పెడుతూ, "ఇవి ఇంకెవరికైనా సరిపడేవి ఇవ్వమని చెప్పక్కా. నాకు వదులు," అంది.

"నీ బల్లమీద ఎప్పుడో ముందు చేసిన అమ్మాయివి అవి."

"మరి తీసుకెళ్లలేదా?"

పెద్దక్క కాసేపు స్టిక్కరు గోటితో గీరింది. "ఇలాగే ఒకరోజు కార్డుకని వెళ్లిందంట. మళ్లీ రాలేదు. ఇంటికి వెళ్లిపోయి ఉంటుందంటాడు మేస్త్రీ. నేనప్పటికి చేరలేదు." అంతలోనే నవ్వేసి, "మంచి పనికి పోతూ ఈ గోలెందుకే? పద పద, బస్సు తప్పుద్ది," అని వీపుమీద చరిచింది.

బస్సులో ఆయన ఫోను. ఆమె ముందే ఏం చెప్పాలో పేర్చి పెట్టుకుంది, అన్నీ ఒకదానిమీదొకటి పడ్డాయి.

"ఏవండోయ్ శ్రీవారూ, మీకో మాట. కాదు, ముందు మీరు కూర్చోండి."

"కూర్చునే ఉన్నానే. ఆఫీసులో నిలబడితే జీతమిస్తారా?"

"కార్డొచ్చింది!"

అవతల కుర్చీ వెనక్కి పడిన చప్పుడు వినిపించింది. ఆ చప్పుడుకు ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. ముందుసీటు ముసలాయన వెనక్కి తిరిగి చూసి, ఆ నవ్వు చూసి తనూ నవ్వాడు. బయట మబ్బు కమ్ముకొస్తోంది. వీధిదీపాలు వేళకు ముందే వెలిగాయి. ఆమెకు అదీ అందంగానే ఉంది.

"చేతికి రాగానే ఫొటో పెట్టు. మా అమ్మకు చూపించాలి. కోడలు ఫొటోలో మొహం ముడుచుకుంటుందని ఆవిడకు బెంగ."

"ముడుచుకోనులెండి. ఇంకో గంటలో పెడతా."

అనుమతుల ఆఫీసు పొడుగాటి హాలు. నేలకు బిగించిన కుర్చీల్లో జనం పలచబడ్డారు. కార్డులు తీసుకున్నవాళ్లు కుడిపక్క గాజుతలుపు తోసుకుని బయటికి పోతున్నారు, బయట కాలు పెట్టగానే ఎవరికో ఒకరికి ఫోను చేస్తున్నారు. ఎడమపక్క ఒక ఇనుప తలుపు ఉంది. ఆమె కూర్చున్నంతసేపూ దాంట్లోంచి ఎవరూ రాలేదు.

కౌంటరు వెనక గుమాస్తా నడివయసువాడు. అలసిపోయిన మొహం, కానీ మాట మెత్తన. కార్డు తీసి చూపించాడు. తన ఫొటో, తన పేరు. ఆమె చేయి చాచింది.

"ఒక్క నిమిషమమ్మా. వేళ్లు ఈ అద్దంమీద పెట్టండి. మీరు దిగిన రోజు విమానాశ్రయంలో ఇచ్చిన వేలిముద్రలతో సరిపోవాలి. అంతే, తీసుకెళ్లొచ్చు."

పెట్టింది. ఎర్రదీపం. తుడిచి పెట్టింది. ఎర్రదీపం.

"చెయ్యి నుదుటికి రాసుకోండి. కాస్త జిడ్డు అంటితే పడుతుంది."

రాసుకుంది. జుట్టులోనూ రాసుకుంది. ఆయన లేచి వచ్చి ఆమె వేళ్లను ఒక్కొక్కటిగా అద్దానికి నొక్కి చూశాడు. తెర ఆమెవైపు తిప్పాడు. పైవరసలో దిగిన రోజు ముద్రలు, కోసిన చెట్టుమొద్దు మీది వలయాల్లా గీతకు గీత. కింది వరసలో తడిగుడ్డతో తుడిచిన పలకలు.

"ఏం పని చేస్తారమ్మా?"

"అనాసపళ్లు కోస్తానండీ."

గుమాస్తా ఆమె అరచేయి తిప్పి చూశాడు, గులాబీరంగు, పీచు గీరుడు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఆమెకు అరలో పెట్టి వచ్చిన వదులు బూట్లు గుర్తొచ్చాయి.

"నేనేనండీ నేను! ఫొటో చూడండి. మావారికి ఫోను చేస్తా, ఆయన చెప్తారు. మా మేస్త్రీ చెప్తాడు."

"నాకు తెలుసమ్మా మీరేనని. మిషను ఒప్పుకోవాలి."

"నాలుగు రోజులు పని మానేసి వస్తా. చర్మం మళ్లీ వస్తుంది కదా?"

"వస్తుంది. వారాలు పడుతుంది." కార్డును తిరిగి కవరులో పెట్టాడు. "మీ పాస్‌పోర్టు ముద్ర గడువు ఇవాళ్టితో సరి. మీరెవరో తేలకుండా బయటికి పంపితే నా ఉద్యోగం పోతుంది. పైఅధికారి రేపు పొద్దున చూస్తారు. అందాకా లోపల కూర్చోవాలి."

"లోపలంటే?"

ఆయన ఇనుప తలుపు వైపు చూడలేదు. చూడకపోవడంతోనే ఆమెకు తెలిసిపోయింది.

"రేపు చూశాక ఇంటికి పంపిస్తారా? అంటే... ఏ ఇంటికండీ?"

ఆయన కవరును సొరుగులో పెట్టి తాళం వేశాడు. తలుపు దగ్గరి కాపలామనిషి ఒక ప్లాస్టిక్ ట్రే ముందుకు జరిపింది. "సంచీ, ఫోను ఇందులో పెట్టమ్మా. లోపలికి పనికిరావు."

"ఒక్క ఫోను చేసుకుంటా. కంగారు పడతారు."

"లోపల చేయిస్తాంలే."

"ఆ ముందు వచ్చిన అమ్మాయికి కూడా చేయించారా?" అని అడుగుదామనుకుంది. ఫోను చున్నీతో ఒకసారి తుడిచి, తెర పైకి ఉండేలా ట్రేలో పెట్టింది. చెయ్యి తీసేముందు బొటనవేలు తెరమీద ఒక క్షణం ఆగింది. ఆ వేలికి ఫోను తెరుచుకోవడం మానేసి చాలా రోజులైంది, ఆమె అంకెలు నొక్కి తెరిచేది. ఎందుకని ఏనాడూ అనుకోలేదు.

ఇనుప తలుపు చప్పుడు లేకుండా తెరుచుకుంది. అవతల వెలుతురు ఎక్కువగానే ఉంది. ఆమె తల వంచుకుని లోపలికి వెళ్లింది, ఎవరింటికో మొదటిసారి వెళ్లే మనిషిలా గడప దగ్గర ఒకసారి తడబడి. తలుపు మళ్లీ చప్పుడు లేకుండానే మూసుకుంది. గుమాస్తా కౌంటరు దీపం ఆర్పాడు. కాపలామనిషి ట్రేను గోడ అరలో, మరికొన్ని ట్రేల పక్కన పెట్టి, తాళాలు తీసుకుని వెళ్లిపోయింది.

చీకటి హాల్లో, ట్రేలోని ఫోను ఒకసారి వణికి వెలిగింది: 'ఫొటో ఏదీ? సరేలే, నేను ఆగలేను. రేపు పొద్దున్నే సెలవుపెట్టి టికెట్టు కొనడానికి వెళ్తున్నా.'